షాపు గుమ్మాల్లో తుపాకులు వద్దు: తిరుపతి వ్యాపారులకు, అధికారులకు బహిరంగ లేఖ

తిరుపతిలోని బంగారు, వెండి, బట్టల వ్యాపార సంఘాల పెద్దలకు, షాపింగ్ మాల్స్ యజమానులకు, తుపాకీ లైసెన్సుల మీద సంతకం పెట్టే జిల్లా కలెక్టర్ గారికి, వాటి మీద విచారణ చేయించే ఎస్పీ గారికి నమస్కారాలు.

నేను గాంధీ రోడ్డులో ఇరవై రెండేళ్లుగా వెండి సామాన్ల కొట్టు నడుపుకుంటున్నాను. కుంకుమ భరిణెలు, దీపపు కుందులు, పట్టీలు, చంటిపిల్లల మొలతాళ్లు. కొండ దిగి వచ్చే భక్తులతోనే నా బేరం. మొన్న మన వీధి వాళ్లం పదిహేను మంది దాకా కూర్చున్నప్పుడు ఒక మాట వచ్చింది. షాపుకు ఇంత అని వేసుకుని వీధికి ఇద్దరో ముగ్గురో గన్‌మెన్‌ను పెట్టుకుందామని, పెద్ద మాల్స్ వాళ్లను కూడా కలుపుకుని గేట్ల దగ్గర గార్డులకు తుపాకీ ఉండేలా అర్జీ పెడదామని. చాలామంది సరే అన్నారు. నేను ఆ రోజు నోరు విప్పలేదు. పెద్దవాళ్ల ముందు కాదనడం ఎందుకులే అనుకున్నాను. ఇంటికొచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు. అప్పుడు చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

ముందు ఒకటి ఒప్పుకుంటాను. మీ భయం ఉత్తిది కాదు, అది నాకూ ఉంది. 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటింది. అదే ఏడాది మార్చిలో మన పక్కనే చిత్తూరు గాంధీ రోడ్డులో తుపాకులు పట్టుకుని ఒక వ్యాపారి ఇంట్లోకి దొంగలు దూరారు. పోలీసులు చుట్టుముట్టి పట్టుకునేదాకా ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టుకుని చూసింది. ఆగస్టులో హైదరాబాద్ చందానగర్‌లో పొద్దున నగల షాపు తెరిచిన కాసేపటికే దొంగలు దూసుకొచ్చి, లాకరు తాళాలు ఇవ్వమని ఒక ఉద్యోగి కాలి మీద కాల్చారు. ఆ వీడియోలు మనందరి ఫోన్లలో తిరిగాయి. రాత్రి షట్టరు దించేటప్పుడు మా ఆవిడ రెండుసార్లు ఫోన్ చేస్తోంది, బయల్దేరావా అని. కాబట్టి నాకేం పోయిందని మాట్లాడటం లేదు.

అయినా తుపాకీ వద్దంటున్నాను. ఎందుకో చెప్పాలంటే మా పెద్దాయన సంగతి చెప్పాలి.

మా కొట్టుకు, పక్కనున్న రెండు షాపులకు కలిపి పగటిపూట ఒక గార్డు ఉన్నాడు. అరవై దాటిన మనిషి. పాకాల దగ్గర పల్లె. అందరం పెద్దాయన అనే పిలుస్తాం. పోయిన వేసవి సెలవుల్లో, శనివారం సాయంత్రం. వీధిలో కాలు పెట్టే సందు లేదు. పక్క షాపులో నుంచి ఒకతను చేతిలో సంచితో బాణంలా బయటికి ఉరికాడు. లోపల ఎవరో "పట్టుకోండి పట్టుకోండి" అని అరిచారు. అంతే, వీధంతా "దొంగ దొంగ" అని మొదలైంది. పెద్దాయన స్టూలు మీద నుంచి లేచి అడ్డం పోయి అతన్ని రెండు చేతులతో వాటేసుకున్నాడు. అతను విదిలించుకుంటున్నాడు, అరవంలో ఏదో అరుస్తున్నాడు. గుండు కొట్టించుకుని ఉన్నాడు, నెత్తిన చందనం ఇంకా తడిగానే ఉంది. కళ్లు మాత్రం మా మీద లేవు, రోడ్డు మీదే ఉన్నాయి.

పెద్దాయన అది గమనించాడు. అతను చూస్తున్న వైపు తనూ చూశాడు. నాలుగేళ్ల పిల్లవాడు, వాడిదీ గుండే, ఆటోల మధ్యలో నిలబడి ఏడుస్తున్నాడు. పెద్దాయన ఆ తండ్రిని వదిలేసి, తనే విజిల్ ఊదుకుంటూ రోడ్డు మీదికి పరుగెత్తి ఆటోలను ఆపాడు. పిల్లవాణ్ని ఎత్తుకొచ్చి తండ్రి చేతిలో పెట్టాడు. లోపల "పట్టుకోండి" అని అరిచింది ఆ పిల్లవాడి తల్లి. పిల్లవాణ్ని పట్టుకోమని అరిచింది. సంచిలో ఉన్నవి రెండు లడ్డూలు, బిల్లు కట్టిన పట్టీలు.

ఇదంతా ఒక నిమిషం కూడా పట్టలేదు. ఆ నిమిషంలో పెద్దాయన చేతుల్లో తుపాకీ ఉండి ఉంటే ఏం జరిగేదని నేను అప్పటి నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను. కాల్చి ఉండేవాడని అనను. కానీ ఆ రెండు చేతులూ ఖాళీగా ఉండేవి కావు. వాటేసుకోగలిగేవాడు కాదు, పిల్లవాణ్ని ఎత్తుకోగలిగేవాడు కాదు. వీధంతా దొంగ అని అరుస్తుంటే, తుపాకీ ఉన్న మనిషి ఏదో ఒకటి చేయాలని వంద మంది వాడి ముఖంలోకే చూస్తుంటారు. ఆ ఒత్తిడిని తట్టుకోవడం అందరి వల్లా అయ్యే పని కాదు.

మా బావ ఒకడు మిలిటరీలో పదిహేడేళ్లు చేసి వచ్చాడు. తర్వాత సొంత లైసెన్సు మీద 12 బోర్ తుపాకీ కొనుక్కుని నోట్ల వాహనం వెంట గన్‌మన్‌గా ఆరేళ్లు తిరిగాడు. మన మీటింగ్ సంగతి చెబితే అతనన్న మాట ఇది: "జనంలో నిలబడితే నాకు దొంగ భయం ఉండేది కాదు బావా. నా తుపాకీ ఎవడన్నా లాక్కుంటాడేమోనన్న భయమే ఉండేది. డ్యూటీ అంతా దాన్ని కాపలా కాయడంతోనే సరిపోయేది." ఇంకోటి కూడా చెప్పాడు. అతని తోటి గన్‌మెన్‌లో కొనుక్కున్న రోజు తర్వాత ఒక్క తూటా కూడా పేల్చి చూడనివాళ్లు ఉన్నారట. తూటాలు ఎప్పటివో వాళ్లకే గుర్తు లేదట. 12 బోర్ తూటాల్లో చాలా రకాలు చిన్న చిన్న గుండ్లతో నిండి ఉంటాయి, బయటికి రాగానే చెదురుతాయి. పొలంలో అడవి పందిని బెదిరించడానికి పనికొచ్చే వస్తువు అది. నాలుగు కాళ్ల మండపం దగ్గర సాయంత్రం ఏడు గంటలకు దాన్ని పేలిస్తే దొంగ ఒక్కడికే తగులుతుందని ఎవరు పూచీ ఇస్తారు?

తగలకపోయినా సరే, ఆ చప్పుడు చాలు. ఈ ముక్క మనం తిరుపతి వాళ్లం ఒకరు చెబితే తెలుసుకోవాల్సిన వాళ్లం కాదు. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన జనం బైరాగిపట్టెడలో తొక్కుకుంటే ఆరుగురు పోయారు. ఒక్క తూటా పేలలేదు, ఒక్క దొంగ రాలేదు. గేటు తెరుచుకుంది, వెనక నుంచి తోపు వచ్చింది, అంతే. రోజుకు అరవై డెబ్బై వేల మంది దర్శనం చేసుకునే ఊరు మనది. వాళ్లలో ఎంతోమంది కొండ దిగాక మన వీధుల్లోకే వస్తారు. ముసలివాళ్లు, చంకలో పిల్లలు, చెప్పులు లేని కాళ్లు, మన భాష రానివాళ్లు. బేరి వీధి వెడల్పు ఎంతో, తిలక్ రోడ్డులో బండ్లు ఎలా పెడతారో మీకు నేను చెప్పనక్కర్లేదు. అక్కడ తుపాకీ పేలితే జనం ఎటు పరుగెత్తాలి?

చట్టం సంగతి కూడా కాస్త చూడండి. గన్‌మన్‌ను పెట్టుకుంటే వాడు మన తరఫున కాలుస్తాడని మీటింగ్‌లో ఒకరు అన్నారు. అలా కుదరదు. ప్రైవేటు గార్డుకు పోలీసు అధికారం లేదు. మీకూ నాకూ ఉన్న ఆత్మరక్షణ హక్కే అతనికీ ఉంటుంది, పిసరంత కూడా ఎక్కువ కాదు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోనూ పాత శిక్షాస్మృతిలో ఉన్న హద్దులే దాదాపుగా ఉన్నాయి. దోపిడీ, రాత్రిపూట ఇల్లు పగలగొట్టడం, నిప్పు పెట్టడం, ప్రాణం పోతుందన్న నిజమైన భయం, ఇలాంటి వాటిలోనే ఆస్తి కాపాడుకోవడానికి అవతలి మనిషి ప్రాణం తీసేదాకా వెళ్లడాన్ని చట్టం ఒప్పుకుంటుంది. గొలుసు జేబులో వేసుకుని పరుగెత్తేవాణ్ని వెనక నుంచి కాలిస్తే అది హత్య కేసే. ఆ కేసు మోసేది ఎవరు? నెలకు పది పన్నెండు వేలకు పనిచేసే ఆ మనిషి. ఏజెన్సీ వాళ్లు వేరే వాణ్ని పంపిస్తారు, మనం షట్టరు ఎత్తుతాం, వాడు మాత్రం కోర్టు మెట్ల దగ్గర కూర్చుంటాడు. ఇది తలుచుకుంటేనే నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది.

నా మాటకు ఎదురు నిలిచే సంఘటన ఒకటుంది, దాన్ని దాచిపెట్టి మాట్లాడటం న్యాయం కాదు. 2024 ఏప్రిల్ 13న ఆస్ట్రేలియాలో, సిడ్నీ బోండై జంక్షన్ మాల్‌లో ఒకడు కత్తితో తిరుగుతూ ఆరుగురిని చంపాడు. అందులో ఒకరు ఆ మాల్ సెక్యూరిటీ గార్డు. పాకిస్తాన్ నుంచి శరణార్థిగా వెళ్లి బతుకు వెతుక్కుంటున్న ముప్ఫై ఏళ్ల యువకుడు. చేతిలో ఏమీ లేకుండానే ఎదురు వెళ్లాడు. అతని దగ్గర తుపాకీ ఉంటే బతికేవాడేమో, మిగతా వాళ్లూ బతికేవాళ్లేమో. నేను కాదనలేను. కానీ అక్కడ ఆ హంతకుణ్ని ఆపింది కూడా తుపాకీయే, అది ఇన్‌స్పెక్టర్ ఆమీ స్కాట్ చేతిలోని పోలీసు తుపాకీ. ఆవిడ ఒక్కతే లోపలికి వెళ్లి, జనాన్ని తప్పించి, వాణ్ని కాల్చింది. ఏళ్ల తరబడి నేర్చుకున్న చెయ్యి అది. కాల్చిన ప్రతి తూటాకు లెక్క చెప్పాల్సిన ఉద్యోగం అది. మన వీధికి అలాంటి చెయ్యి కావాలని అడుగుదాం, నేనే ముందు సంతకం పెడతాను. ఇరవై రోజుల శిక్షణ కూడా సరిగ్గా ఇవ్వని మనిషికి తుపాకీ ఇచ్చి, ఆవిడ పని నువ్వు చెయ్యమంటే ఎలా?

శిక్షణ అన్నాను కాబట్టి అదీ చెబుతాను. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల మీద 2005లో చట్టం వచ్చింది. దాని కింద కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల ప్రకారం కొత్త గార్డుకు 100 గంటల క్లాసు, 60 గంటల ఫీల్డు శిక్షణ ఉండాలి, కనీసం ఇరవై పనిదినాలు. అందులో జనాన్ని అదుపు చేయడం, మంటలు ఆర్పడం, ప్రథమ చికిత్స అన్నీ ఉన్నాయి. తుపాకీ వాడకం మాత్రం ఇష్టమైతేనే, తప్పనిసరి కాదు. మొన్న మా పెద్దాయనను అడిగాను, నీకు ఎన్ని రోజులు నేర్పారని. "నేర్పేదేముంది సామీ, సైజు చూసి చొక్కా ఇచ్చినారు, ఆ మర్నాటి నుంచి నిలబడినాను" అన్నాడు. చొక్కాకు, బూట్లకు మొదటి నెల జీతంలో పట్టుకున్నారట. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా డ్యూటీ. వారం సెలవు అంటే ఆ రోజు జీతం లేనట్టే. మోకాళ్ల నొప్పులు. ఇన్నేళ్లుగా ఆ మనిషి మా గుమ్మంలోనే ఉన్నా ఈ ప్రశ్న నేను అడిగింది ఇదే మొదటిసారి. అందుకు సిగ్గుపడుతున్నాను.

పన్నెండు గంటలు నిలబడి, కసిరించుకుని, జీతం కోసం ఏజెన్సీ చుట్టూ తిరిగే మనిషి చేతిలో తూటాలు నింపిన తుపాకీ పెట్టడం అతనికీ మంచిది కాదు, మనకూ మంచిది కాదు. ఫిలిప్పీన్స్‌లో మాల్స్ దగ్గర తుపాకీ ఉన్న గార్డులు మామూలే. 2020 మార్చి 2న మనీలా పక్కన గ్రీన్‌హిల్స్ షాపింగ్ సెంటర్‌లో, ఉద్యోగంలోంచి తీసేసిన ఒక గార్డు పిస్తోలుతో వచ్చి ఒకరిని కాల్చి, పదుల మందిని గంటల తరబడి బందీలుగా పట్టుకున్నాడు. పై అధికారులు అన్యాయం చేశారన్నది అతని కోపం. గార్డులందరూ అలా చేస్తారని ఎవరూ అనరు, నేను అసలే అనను. కానీ మనిషిని నలిపేస్తూ అతని భుజాన తుపాకీ వేలాడదీయడం ఎంత ప్రమాదమో ఆ వార్త చదివితే అర్థమవుతుంది.

మరి ఏం చేద్దాం? షాపుకు ఇంత అని వేసుకోవాలనుకున్న డబ్బు ఉంది కదా, దాన్ని వేసుకుందాం. వేరేచోట పెడదాం.

నాకు అన్నిటికంటే ముందు కావాల్సింది మైకు. నవ్వకండి. 2008 నవంబర్ 26 రాత్రి ముంబై సీఎస్‌టీ స్టేషన్‌లో ఉగ్రవాదులు కాల్పులు మొదలుపెట్టినప్పుడు, అనౌన్సర్ విష్ణు జెండే తన క్యాబిన్‌లో కూర్చుని, అటు రావద్దు, వెనక వైపు నుంచి వెళ్లిపోండి అని మైకులో చెబుతూనే ఉన్నారు. ఆ మాటలు విని ఎంతోమంది ప్రాణాలతో బయటపడ్డారు. అదే స్టేషన్‌లో పోలీసుల చేతుల్లో తుపాకులు కూడా ఉన్నాయి, ఆ పాత రైఫిళ్లు ఏకే 47ల ముందు నిలవలేకపోయాయి. మన వీధికి ఈ చివర నుంచి ఆ చివర దాకా మైకులు కట్టి, తెలుగు, అరవం, కన్నడ, హిందీలో నాలుగు మాటలు చెప్పగలిగిన మనిషిని పెడితే, పిల్లలు తప్పిపోయినప్పుడు పనికొస్తుంది, తోపులాట వచ్చినప్పుడు పనికొస్తుంది, దొంగ వచ్చినా పనికొస్తుంది.

తర్వాత అలారం. ప్రతి నగల షాపు కౌంటరు కింద కాలితో నొక్కే బటన్ ఉండాలి. అది ఏజెన్సీ ఆఫీసులోనో, ఓనరు ఫోన్లోనో కాదు, పోలీసు కంట్రోల్ రూమ్‌లో మోగాలి. చిత్తూరులో దొంగలు దొరికింది పోలీసులకు కబురు వెంటనే అందడం వల్లే. ఇంత చిన్న సంగతి మీద మనం ఇంతవరకు కూర్చుని మాట్లాడుకోలేదు.

ఇక దారులు. మాల్స్ యజమానులు కోప్పడొద్దు. పండగ సీజన్లో మీ వెనక మెట్ల మీద అట్టపెట్టెలు ఎత్తు కట్టి ఉంటాయి. రెండో గేటుకు తాళం, తాళంచెవి ఎవరి దగ్గరుందో గార్డుకు తెలియదు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు లేస్తే పొగలో ఊపిరాడక ఆరుగురు పిల్లలు పోయారు, అందరూ ఉద్యోగాలు చేసుకునే వయసు వాళ్లు. మన ఊళ్లో షాపుకొచ్చిన మనిషికి దొంగ తుపాకీ కంటే పొగ వల్ల ప్రమాదం ఎక్కువని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఈ లేఖ రాయడం మొదలుపెట్టాక నా కొట్టులో మంటలు ఆర్పే ఎర్ర సిలిండర్ తీసి చూశాను. చీటీ మీద తేదీ ఎప్పుడో దాటిపోయింది. మర్నాడే మార్పించి, పిన్ను ఎలా లాగాలో పెద్దాయన చేత రెండుసార్లు చేయించాను.

రాత్రిపూట స్ట్రాంగ్ రూమ్ కాపలాకు, సరుకు, డబ్బు తరలించే వాహనానికి తుపాకీ వద్దని నేను అనడం లేదు. అక్కడ చుట్టూ జనం ఉండరు, పని ఒక్కటే. అలాంటి చోట మా బావలాంటి మిలిటరీ నుంచి వచ్చినవాళ్లను, సరైన జీతం ఇచ్చి పెట్టుకుందాం. నేను వద్దంటున్నది గుమ్మంలో, జనం మధ్యలో.

కలెక్టర్ గారూ, ఎస్పీ గారూ, మా వాళ్ల అర్జీ మీ టేబుల్ మీదికి వచ్చేలోపు ఈ లేఖ వస్తే బాగుండని ఆశ. షాపు గుమ్మంలో, జన సమ్మర్దంలో నిలబడటానికని ఎవరైనా తుపాకీ లైసెన్సు అడిగితే దయచేసి ఇవ్వకండి. దాని బదులు ఒక్క నెల రోజులు, తిరుపతిలో గార్డులను సరఫరా చేస్తున్న ఏజెన్సీల లైసెన్సులు తనిఖీ చేయించండి. లైసెన్సు కాగితం అందరికీ కనిపించేలా పెట్టాలని చట్టంలోనే ఉంది. గార్డులను విడిగా పిలిపించి, నీకు ఎన్ని గంటలు శిక్షణ ఇచ్చారు, జీతం చేతికి ఎంత వస్తోంది, పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా అని అడగండి. యజమాని పక్కన నిలబడి ఉండగా అడిగితే చెప్పరు. పోలీసు పెరేడ్ గ్రౌండ్‌లో నెలకు ఒక ఆదివారం వాళ్లకు తోపులాటను ఆపడం, మంట ఆర్పడం, పడిపోయిన మనిషికి ఛాతీ నొక్కి ఊపిరి అందించడం నేర్పిస్తే, ఆ రోజు కూలి మేము ఇస్తాం. మేము అంటే ప్రస్తుతానికి నేను, నాతో మాట కలిపిన ఇంకో ముగ్గురు వ్యాపారులు. సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా కృష్ణాపురం ఠాణా నుంచి గోవిందరాజస్వామి గుడి దాకా తుపాకీ ఉన్న పోలీసు జంట ఒకటి నడుచుకుంటూ తిరిగే ఏర్పాటు చేయండి. జీపులో కాదు, నడుచుకుంటూ.

సంఘం పెద్దలకు చివరిగా ఒక మనవి. వచ్చే మీటింగ్‌లో ఈ విషయం మళ్లీ చర్చకు పెట్టండి. ఆ రోజు గార్డులను కూడా పిలుద్దాం. వాళ్ల భుజం మీద ఏం పెట్టాలో వాళ్లను అడగకుండానే మనం తేల్చేశాం. మా పెద్దాయనకు సంగతి చెప్పి, నీకు తుపాకీ ఇస్తే తీసుకుంటావా అని అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "కుర్చీ ఒకటి ఇప్పించండి సామీ, వెనక ఆనుకునేది. స్టూలు మీద నడుము పట్టుకుంటా ఉంది" అన్నాడు. కుర్చీ అదే సాయంత్రం కొన్నాను. మిగతావాటి సంగతి మీరు మాట్లాడండి.

ఇట్లు
గాంధీ రోడ్డులో వెండి సామాన్ల కొట్టు నడుపుకునే మీ తోటి వ్యాపారి
తిరుపతి